గౌలిపుర లెక్కన ఇంజిన్ ఆయిల్

గౌలిపురలో కారున్నవాళ్లను ఏడాదికి ఎంత తిరుగుతుందని అడిగితే "ఎంత తిరుగుతది సార్, ఆరేడు వేలు" అంటారు. మీటరు చూస్తే ఆ మాట నిజమే. ఆ ఆరేడు వేల కిలోమీటర్లకు ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందన్నది మాత్రం ఎవరూ అడగరు, సర్వీస్ సెంటర్లో కూడా అడగరు. లాల్‌దర్వాజా మలుపు తిరిగి, శాలిబండ మీదుగా, చార్మినార్‌ను చుట్టుకుని మదీనా చేరాలంటే దూరం మూడు కిలోమీటర్ల చిల్లర. సాయంత్రం పూట అరగంటకు తక్కువ పట్టదు. పెళ్లిళ్ల సీజనైతే ఇక చెప్పక్కర్లేదు. ఏసీ వేసే ఉంటుంది. ఫస్ట్ గేరు, బ్రేకు, సెకండ్ గేరు, మళ్లీ బ్రేకు. మీటరు మీద పడేది మూడు కిలోమీటర్లు. ఆయిల్ చేసిన చాకిరీ అరగంట.

లెక్క వేసి చూడండి. సరాసరి గంటకు 12 కిలోమీటర్ల చొప్పున నడిచే కారు 10,000 కిలోమీటర్లు పూర్తి చేసేసరికి ఇంజిన్ 830 గంటలకు పైగా తిరుగుతుంది. అదే కారు ఔటర్ రింగ్ రోడ్డు మీద 80 స్పీడులో పోతే 125 గంటల్లో ఆ పని అయిపోతుంది. ఇద్దరు ఓనర్ల చేతిలోని సర్వీస్ పుస్తకంలోనూ ఒకే అంకె అచ్చయి ఉంటుంది: 10,000 కి.మీ. లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఆ అంకె ఒక్కదాన్నే పట్టుకుంటే, మొదటి కారులోని ఆయిల్ రెండోదానికంటే ఆరు రెట్లకు మించిన సమయం ఇంజిన్‌లో తిరిగి ఉంటుంది.

ట్రాఫిక్‌లో నిలబడ్డ ఇంజిన్ మీద హైవే మీదున్నంత భారం ఉండదు నిజమే. గంటకు గంట సమానమని నేను అనను. కానీ నిలబడ్డ ఇంజిన్ ఆయిల్‌ను వేరే దారిలో పాడుచేస్తుంది. ఆ సంగతి కార్ల కంపెనీలకు బాగా తెలుసు. అందుకే అదే పుస్తకంలో నాలుగు పేజీలు వెనక్కి తిప్పితే ఇంకో పట్టిక కనిపిస్తుంది. కఠిన పరిస్థితుల్లో నడిపే బండ్ల కోసం రాసింది అది. దగ్గర దగ్గర ప్రయాణాలు, ఎక్కువసేపు ఐడ్లింగ్, ఆగి ఆగి సాగే ట్రాఫిక్, దుమ్ము, విపరీతమైన ఎండ. వీటిలో ఏది వర్తించినా ఆయిల్ మార్పు గడువు తగ్గించాలని అందులో ఉంటుంది. చాలా కంపెనీలు దాదాపు సగానికి సగం తగ్గిస్తాయి. గౌలిపుర కారుకు ఆ జాబితాలో ఏ ఒక్కటో కాదు, దాదాపు అన్నీ వర్తిస్తాయి. ఈ అధ్యాయం మొత్తంలో ఒక్క విషయమే గుర్తుంటుందంటే ఇదే గుర్తుంచుకోండి: మన పేట కారు ఆ రెండో పట్టికలోది.

మూడు కిలోమీటర్ల ప్రయాణం ఆయిల్‌ను ఏం చేస్తుంది

ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది. అందులో ఎక్కువ భాగం ఆవిరిగా సైలెన్సర్ గుండా పోతుంది. కొద్ది భాగం పిస్టన్ రింగుల సందుల్లోంచి జారి, ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. మండకుండా మిగిలిన పెట్రోలు కూడా అదే దారిన దిగుతుంది. ఆయిల్ బాగా వేడెక్కి, ఆ వేడి కొంతసేపు నిలిస్తే ఈ రెండూ ఆవిరై బయటికి పోతాయి. డ్యాష్‌బోర్డు మీద కనిపించే టెంపరేచర్ ముల్లు కూలెంట్‌ది. అది నాలుగైదు నిమిషాల్లో మధ్యకొచ్చి నిలబడుతుంది. ఆయిల్ ఆ స్థాయికి రావడానికి పదిహేను ఇరవై నిమిషాల నడక కావాలి. పిల్లల్ని బడిలో దింపి, సంతలో కూరగాయలు కొనుక్కుని ఇంటికొచ్చిన కారులో ఆయిల్ సగం వేడి దగ్గరే ఆగిపోతుంది. నీరు అందులోనే ఉండిపోతుంది. ఆ నీటికి పొగలోని పదార్థాలు తోడై ఆమ్లం తయారవుతుంది. ఆమ్లాన్ని విరిచే రసాయనాలు ఆయిల్‌లో కంపెనీవాళ్లు ముందే కలిపి ఉంచుతారు గానీ, అవి తరగని గని కాదు. ఆయిల్ కాలం తీరిందంటే ముందుగా తీరేది ఆ రసాయనాల శక్తే.

2025 నాటికి దేశమంతా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే దొరుకుతోంది. ఇథనాల్‌కు తేమను లాక్కునే గుణం ఉంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌ను రెండు నిమిషాలు నడిపి ఆపేసే అలవాటున్నవాళ్లు ఈ కారణంగా కూడా ఆయిల్ గడువు విషయంలో కాస్త జాగ్రత్తగా ఉండాలి.

ఇంట్లో బైకు మీద పనులన్నీ చక్కబెట్టుకుని, కారును పండక్కీ పబ్బానికీ తీసేవాళ్లు పాతబస్తీలో చాలామంది. ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాల రోజుల్లో కారు గల్లీ దాటే వీలే ఉండదు. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లే తిరిగింది కదా, ఇంకో ఏడాది లాగిద్దాం అనుకుంటారు. అలా లాగకండి. ఏడాది గడిచిందంటే మార్చాల్సిందే. అంతకంటే ముఖ్యంగా, వారానికొకసారి ఆ బండికి ఊపిరి పీల్చుకునే అవకాశం ఇవ్వండి. చాంద్రాయణగుట్ట దాటి, పహాడీ షరీఫ్ మీదుగా తుక్కుగూడ దాకా వెళ్లి రండి. ఆగకుండా అరగంట నడిస్తే ఆయిల్‌లోని తేమ చాలావరకు పోతుంది.

మీ కారు గంటలు ఎలా తెలుస్తాయి

ఈ పదేళ్లలో వచ్చిన కార్లలో చాలావాటికి మీటరులో ట్రిప్ ఎ, ట్రిప్ బి అని ఉంటాయి. సరాసరి వేగం కూడా చూపిస్తాయి. ఆయిల్ మార్చిన రోజున ట్రిప్ బిని సున్నా చేయండి. ఇక దాన్ని ముట్టుకోకండి. ఆర్నెల్ల తర్వాత చూస్తే, ఉదాహరణకు 3,400 కి.మీ., సరాసరి వేగం 13 అని కనిపించిందనుకోండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 260 గంటలు. ఇంజిన్ నిజంగా తిరిగిన కాలం సుమారుగా అంతన్నమాట. మామూలు పెట్రోలు కారుకు 300 గంటల దగ్గర, టర్బో ఉన్న పెట్రోలుకూ డీజిల్‌కూ 250 గంటల దగ్గర ఆయిల్ మార్చుకోమని నా సలహా. ఇది నేను కాస్త జాగ్రత్త వైపు మొగ్గి చెప్పే లెక్క. మీ పుస్తకంలోని రెండో పట్టిక ఇంతకంటే ముందే మార్చమంటే ఆ మాటే వినండి. వారంటీ ఉన్న కారుకు పుస్తకంలోని గడువు దాటనివ్వకండి, గంటలు ఎంత తక్కువగా కనిపించినా సరే.

అమెరికాలో ఉన్న బంధువులు ఫోన్ చేసినప్పుడు పదివేల మైళ్లకొకసారి మారుస్తామని చెబుతుంటారు. అంటే 16,000 కిలోమీటర్లు. అక్కడి ఇంటర్‌స్టేట్ రోడ్ల మీద, సింథటిక్ ఆయిల్‌తో, వాళ్ల కంపెనీ అనుమతించిన చోట అది సబబే. ఆ అంకెను అక్కడే ఉంచి, ఆ పద్ధతిని మాత్రం తెచ్చుకుందాం: తమ కారు ఎలా నడుస్తోందో చూసుకుని, కంపెనీ ఏం చెప్పిందో చదివి నిర్ణయించుకోవడం.

ఎండకు చిక్కటి ఆయిల్ కావాలా

"ఎండలకు పల్చటి ఆయిల్ ఆగదు సార్, నీళ్ల లెక్క ఉంటది. ట్వంటీ-ఫార్టీ పోస్త, ఇంజిన్ చప్పుడే ఉండదు చూడుండ్రి."

ఈ మాట మన గల్లీల్లో ఏ షెడ్డు దగ్గరైనా వినిపిస్తుంది. అంబాసిడర్, పద్మిని బండ్ల మీద చెయ్యి తిరిగిన ఉస్తాద్‌కు అది అనుభవంలోంచి వచ్చిన మాట. ఆ ఇంజిన్లలో లోహానికీ లోహానికీ మధ్య సందులు ఎక్కువ. చిక్కటి ఆయిలే వాటిని నింపేది. ఆ జ్ఞానాన్ని నేను తక్కువ చేయను. కానీ 2020 తర్వాత తయారైన ఇంజిన్ వేరే జాతి. అందులో ఆయిల్ ఒరిపిడిని తగ్గించడంతో ఆగదు. వాల్వుల టైమింగ్‌ను ముందుకూ వెనక్కూ జరిపేది, టైమింగ్ చైన్‌ను బిగించి ఉంచేది కూడా ఆయిల్ ఒత్తిడే. ఆ దారులు సన్నగా ఉంటాయి. వాటిలోంచి ఎంత పల్చటి ఆయిల్ పారాలో లెక్కగట్టే ఇంజిన్‌ను తయారుచేశారు.

డబ్బా మీది అంకెలు చదవడం కష్టమేమీ కాదు. 5డబ్ల్యూ-30 అన్నదాంట్లో డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందున్న అంకె చల్లటి ఇంజిన్‌లో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది, తక్కువైతే మేలు. తర్వాతి అంకె 100 డిగ్రీల వేడి దగ్గర దాని చిక్కదనాన్ని చెబుతుంది. అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ ఈ వర్గీకరణను మొదటిసారి 1911లో తెచ్చింది, తర్వాత ఎన్నోసార్లు సవరించింది. 0డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 35 డిగ్రీల చలిలో పరీక్షిస్తారు. హైదరాబాద్‌లో సంక్రాంతి చలికి కూడా పది పన్నెండు డిగ్రీలకు దిగడమే ఎక్కువ కదా, మనకు 0డబ్ల్యూ ఎందుకన్న ప్రశ్న సహజం. పొద్దున్నే తాళం తిప్పినప్పుడు ఇంజిన్ పైభాగానికి ఆయిల్ ఎక్కాలి. ఆముదమూ నువ్వుల నూనే పక్కపక్కన వంచితే ఏది ముందు కారుతుందో వంటింట్లో ఎవరికైనా తెలుసు. 40 డిగ్రీల దగ్గర కూడా 20డబ్ల్యూ-40 ఆయిల్, 0డబ్ల్యూ-20 కంటే రెండింతలకు మించి చిక్కగా ఉంటుంది. మే నెలలో కూడా ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో ఆ తేడా తేడాయే.

ఇక ఎండ సంగతి. బయట 43 డిగ్రీలున్నా 20 డిగ్రీలున్నా థర్మోస్టాట్ కూలెంట్‌ను 90 డిగ్రీల చుట్టుపక్కలే ఉంచుతుంది. ఆయిల్ వేడి ఆ పైన కొంత. కాబట్టి రోహిణి కార్తె ఎండ ఆయిల్‌ను మనం అనుకున్నంతగా పల్చబరచదు. అయినా కంపెనీలు ఎండ దేశాల మాట మరిచిపోలేదు. చాలా పుస్తకాల్లో ఒకే ఇంజిన్‌కు రెండు మూడు గ్రేడులు, ఏ వాతావరణానికి ఏది అన్న పట్టికతో సహా ఇస్తారు. మీ పుస్తకంలో 0డబ్ల్యూ-20తో పాటు 5డబ్ల్యూ-30 కూడా ఉంటే, మే నెలలో నిండు బండితో శ్రీశైలం ఘాట్ ఎక్కేవాళ్లు 5డబ్ల్యూ-30 ఎంచుకోవచ్చు. నేనైతే అదే ఎంచుకుంటాను. ఆ జాబితాలో లేని గ్రేడు జోలికి మాత్రం వెళ్లను. మారుతి బీఎస్6 పెట్రోలు కార్లలో కొన్నింటికి 0డబ్ల్యూ-16 అని రాసి ఉంటుంది. అంత పల్చటి ఆయిల్ కంపెనీ పొరపాటున రాయలేదు.

డబ్బా వెనక వైపు

గ్రేడు సరిపోతే పని అయిపోలేదు. డబ్బా వెనక ఏపీఐ అనే మూడక్షరాల పక్కన ఇంకో రెండక్షరాలు ఉంటాయి. పెట్రోలు ఇంజిన్లకు 2010లో ఎస్ఎన్, 2020లో ఎస్‌పీ, 2025లో ఎస్‌క్యూ వచ్చాయి. కొత్తది పాతదాని పని కూడా చేస్తుంది, పాతది కొత్తదాని పని చేయదు. చిన్న టర్బో పెట్రోలు ఇంజిన్లలో, తక్కువ స్పీడులో బలంగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు స్పార్క్ పడకముందే పెట్రోలు అంటుకునే జబ్బు ఒకటుంది. పిస్టన్ పగిలేంత దెబ్బ అది. ఆయిల్‌లో కలిపే కాల్షియం రసాయనాలు దాన్ని పెంచుతాయని తేలాక, కొంత కాల్షియం బదులు మెగ్నీషియం వాడటం మొదలుపెట్టారు. ఎస్‌పీ ఆయిల్ ఆ పరీక్ష నెగ్గినది. టైమింగ్ చైన్ అరుగుదల పరీక్ష కూడా నెగ్గినది. మీది ఒక లీటరు టర్బో పెట్రోలు కారైతే ఎస్‌పీకి తక్కువది పోయించకండి.

డీజిల్ కార్ల దగ్గర పొరపాటుకు మూల్యం ఇంకా ఎక్కువ. 1 ఏప్రిల్ 2020న బీఎస్6 అమల్లోకి వచ్చాక డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్, సాధారణమైపోయింది. అందులో చేరిన మసిని ఇంజిన్ కాల్చేయగలదు. ఆయిల్ మండగా మిగిలే బూడిదను కాల్చలేదు, అది అక్కడే పేరుకుపోతుంది. అందుకే బూడిద తక్కువిచ్చే ఆయిల్ కావాలి. యూరప్ ప్రమాణంలో దాన్ని ఏసీఈఏ సీ2 లేదా సీ3 అంటారు. సీ3 ఆయిల్‌లో బూడిద 0.8 శాతం మించకూడదు. లారీల కోసం డ్రమ్ములో తెచ్చిన పాతరకం 15డబ్ల్యూ-40 ఇందులో పోస్తే ఇవాళ మిగిలేది కొన్ని వందలు. రేపు మార్చాల్సిన డీపీఎఫ్ ఖరీదు దానికి ఎన్నో రెట్లు.

డీజిల్ కారు గౌలిపురలో ఉంటే ఇంకో చిక్కు. మసిని కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. ఆ పని పూర్తి కావాలంటే మంచి వేగంలో పదిహేను ఇరవై నిమిషాలు నడవాలి. శాలిబండ ట్రాఫిక్‌లో అది మధ్యలోనే ఆగిపోతుంది, చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గకపోగా పెరుగుతుంది. ఆయిల్ తాగడం లేదు, బండి భలే ఉందని సంతోషించే ఓనర్లున్నారు. పెరిగిన మట్టం సంతోషించాల్సింది కాదు, గడువుతో పని లేకుండా వెంటనే మార్పించాల్సింది. రోజూ పాతబస్తీలోనే తిరిగేవాళ్లు కొత్త కారు కొంటుంటే డీజిల్ వద్దనే నేను చెబుతాను.

సింథటిక్ అన్న మాట మీద ఎక్కువ మోజు పడనవసరం లేదు. 1999లో అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ కంపెనీల మధ్య ఈ మాట మీదే వివాదం నడిచింది. ముడిచమురును తీవ్రంగా శుద్ధి చేసి తీసిన నూనెను కూడా సింథటిక్ అనవచ్చని అక్కడి ప్రకటనల పరిశీలన సంస్థ తేల్చింది. మన దగ్గర ఆ పేరుతో దొరికేవాటిలోనూ చాలా వరకు అలా తీసినవే. అవి మంచివే. 0డబ్ల్యూ, 5డబ్ల్యూ ఆయిల్స్ ఎక్కువగా ఆ కోవలోవే. గ్రేడు, ఏపీఐ లేదా ఏసీఈఏ అక్షరాలు, యూరప్ కార్లకైతే కంపెనీ సొంత ఆమోదం నంబరు, ఈ మూడూ కలిస్తే సర్వో అయినా, మ్యాక్ అయినా, క్యాస్ట్రాల్, షెల్ అయినా మీ ఇంజిన్‌కు ఒకటే. బిల్లులో ఇంజిన్ ఫ్లష్, కోటింగ్ అంటూ అదనంగా చేరేవాటికి, మీ పుస్తకంలో ఆ మాట లేకపోతే, వద్దని నిర్మొహమాటంగా చెప్పండి.

దగ్గరుండి మార్పించుకోండి

ఆయిల్ మార్చేచోట నిలబడే హక్కు మీకుంది. వేడిగా ఉన్న ఇంజిన్‌లోంచి తీస్తేనే ఆయిల్ మురికితో సహా దిగుతుంది. కాబట్టి కారు నడుపుకుంటూ వెళ్లండి. డ్రెయిన్ బోల్ట్ వాషర్ కొత్తది వేస్తున్నారా, ఫిల్టర్ మారుస్తున్నారా చూడండి. ఫిల్టర్ పాతది ఉంచి ఆయిల్ మార్చడం దండగ. సీలున్న డబ్బా మీ ముందే తెరిపించండి. మూత కింది రింగు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు చూసుకోండి. నకిలీ ఆయిల్ అమ్మేవాళ్లకు కావలసిన సరుకు అసలు కంపెనీ ఖాళీ డబ్బాలే. అందుకే "ఉస్తాద్, డబ్బాకు ఒక గంటు పెట్టి పడేయ్" అని అడగండి. నికార్సైన పనివాడు ఏమీ అనుకోడు, మీ ముందే స్క్రూడ్రైవర్‌తో పొడిచేస్తాడు.

చిన్న పెట్రోలు కార్లకు మూడు మూడున్నర లీటర్లు, డీజిల్‌కు నాలుగున్నర నుంచి ఐదున్నర పడుతుంది. మీ కారుకు ఎంతో పుస్తకంలో ఉంటుంది. డబ్బాలో మిగిలింది కదా అని పూర్తిగా వంచేయనివ్వకండి. మట్టం ఎక్కువైతే క్రాంకు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగులను కాపాడలేదు. పోశాక ఇంజిన్ రెండు నిమిషాలు నడిపి ఆపండి. బోల్ట్ దగ్గర, ఫిల్టర్ దగ్గర చుక్క కారడం లేదని చూసుకోండి.

ఆ తర్వాత పని మీదే. పదిహేను రోజులకొకసారి చదునైన చోట బండి ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ తీయండి. గుడ్డతో తుడిచి, పూర్తిగా లోపలికి దించి, మళ్లీ తీయండి. రెండు గుర్తుల మధ్య ఎక్కడుందో చూడండి. ఒక చుక్క వేళ్ల మధ్య రాసి వాసన చూడండి. పెట్రోలు వాసన గుప్పుమంటే దగ్గర ప్రయాణాలు మితిమీరాయని అర్థం. ఆయిల్ పోసే మూత తిప్పి లోపలివైపు చూడండి. వానాకాలంలో అక్కడ తెల్లటి జిడ్డు కనిపిస్తే తేమ చేరినట్టు, తుక్కుగూడ దాకా వెళ్లిరావాల్సిన రోజు వచ్చినట్టు. అలా వెళ్లొచ్చాక కూడా జిడ్డు పోకుండా, కూలెంట్ మట్టం తగ్గుతూ ఉంటే ఆలస్యం చేయకుండా హెడ్ గ్యాస్కెట్ చూపించండి. డీజిల్ కారులో ఆయిల్ కొన్ని రోజులకే నల్లబడుతుంది. ఆ రంగు చూసి కంగారు పడొద్దు, మసిని పట్టి ఉంచడం దాని పనే.

గ్లవ్ బాక్సులో చిన్న నోటుబుక్కు ఒకటి పెట్టుకోండి. తేదీ, మీటరు, గంటలు, గ్రేడు, పోసిన లీటర్లు రాసి బిల్లు అందులో దాచండి. వారంటీ వివాదం వస్తే మీ తరఫున మాట్లాడేది ఆ బుక్కే. రేపు కారు అమ్మేటప్పుడు కొనేవాడికి ధైర్యమిచ్చేదీ అదే.

ఇంకొక్క మాట, ఇది మీ కారు గురించి కాదు. తీసేసిన నల్ల ఆయిల్‌ను కొందరు నాలాలో వంచేస్తారు, కొందరు సెంట్రింగ్ పలకలకు పూయడానికి అమ్మేస్తారు. నాలాలో పడ్డది చివరికి మూసీలో చేరుతుంది. వాడిన ఆయిల్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యతను 1 ఏప్రిల్ 2024 నుంచి ఆయిల్ తయారీదారుల మీద, దిగుమతిదారుల మీద పెట్టారు. చట్టం ఉంది, ఆయిల్‌ను మళ్లీ ఆయిల్‌గా మార్చే పరిశ్రమ కూడా ఉంది. గల్లీలోని షెడ్డు నుంచి అక్కడికి చేరడమే జరగడం లేదు. ఈసారి మార్పించినప్పుడు ఆ ఆయిల్ ఎక్కడికి పోతుందో అడగండి. డ్రమ్ములో పోగుచేసి, శుద్ధి చేసేవాళ్లకు అప్పగించే షెడ్డుకే మీ కారు తీసుకెళ్లండి. మీ పక్కింటివాళ్లకు కూడా అక్కడికే దారి చూపండి.